ల్యాబ్ అటెండర్ సమర్పించు పరిశోధనా పత్రం

అయ్యా, నేను ఎర్రగుంటపల్లి హైస్కూల్ల
ల్యాబ్ అటెండర్ని, పేరు బిక్షమయ్య.
మర్రిగూడ దాటినంక మా ఊరు.
ఇరవై రెండేండ్లు సైన్సును
చీపురుతోని ఊడ్చినోన్ని.
పరీక్షనాళికలు కడిగిన చేతులతోనే
ఈ పత్రం రాస్తున్న.
తప్పులుంటే, నీళ్ళు రాని నల్లాను తిట్టుండ్రి.

విషయమేందంటే,
మంచినీళ్ళ పైపులైనుకు కాల్వ తవ్వుతుంటే
సైదులు జేసీబీ పండ్లకు ఒక ఎముక తట్టింది.
మామూలు ఎముక కాదు.
మోకాలి కాడ కుమ్మరి సారెంత గడ్డ,
వెన్నుపూసలు ఒకదాన్నొకటి కరుచుకొని
బెల్లం పాకంల పడ్డ పల్లీల లెక్క.
సైదులు ముందుగాల దండం పెట్టిండు,
తర్వాత ఫోను తీసిండు.

మూడో నాడు పట్నం నుంచి రెండు కార్లు.
మొదటి కార్ల ప్రొఫెసర్ పరాంకుశం గారు, మెడ వర్గం.
రెండో కార్ల డాక్టర్ సులోచనాబాయి గారు, తోక వర్గం.
ఏ ఎముక దొరికినా ఆయనకు మెడే, ఆమెకు తోకే.
ఒక్కటే చాయ్ హోటల్ల
ఎడమొకం పెడమొకం కూసున్నరు.
ముప్పై ఏండ్ల పగట.
ఆయన కట్టిన బొమ్మకు
తలకాయ ఉండాల్సిన కాడ తోకున్నదని
ఆమె నిండు సభల అన్నదట.

నాకొక అనుమానమొచ్చి చెయ్యెత్తిన.
“సార్, ఇది గ్రానైటు నేల.
ఈ రాయికి రెండువందల యాభై కోట్ల ఏండ్లని
మా పదో తరగతి గోడ మీద రాసున్నది.
డైనోసార్ పుట్టేసరికి మా గుట్ట
ముసలిదై, బోడిగుండై, తంబాకు నములుతుంటది.
ఆ రాతి కడుపులకు ఈ ఎముక ఎట్ల దూరింది?”
సారు నవ్విండు. మేడం నవ్వింది.
ఇద్దరు కలిసి ఒకదానికి నవ్వుడు
అదే మొదలట.

రాత్రికల్ల పేరు పెట్టిన్రు:
ఎర్రగుంటోసారస్ మహాజాను.
పొడుగు, మెడ వర్గం లెక్కల నలభై అడుగులు.
తోక వర్గం లెక్కల కూడ నలభయ్యే,
కాని వెనకకు.
బరువు ఎనిమిది లారీల ఇసుక,
పోలీసోళ్ళు ఆపకుంటే.
కూతకు సాక్ష్యం లేదు, అయినా పరాంకుశం గారు
హెడ్‌మాస్టర్ ముందల కూసి చూపించిన్రు.
ఊరి కుక్కలన్ని జవాబిచ్చినయి.

నివాసం కాడ చిక్కొచ్చింది.
“ఈ జంతువు తీయటి నీళ్ళ మడుగుల ఒడ్డున
హాయిగా బతికింది” అని సారు చదవంగనే
ఊరు ఊరంత నవ్వింది.
తీయటి నీళ్ళు! ఎర్రగుంటపల్లిల!
నడుం వంగి భూమినే చూసుకుంట నడిచే అండాలమ్మ
నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నది.
పిల్లలు నోళ్ళు తెరిస్తే గార చారల పండ్లు.
మేడం ఆ పండ్ల దిక్కు చూసింది.
ఎముక దిక్కు చూసింది.
అండాలమ్మ మోకాళ్ళ దిక్కు చూసింది.
పెన్నుకు మూత పెట్టింది.

అప్పుడు లేచిండు గాలయ్య,
వారం నుంచి రోజుకు మూడువందలకు
ఎముకకు కావలి ఉన్నోడు.
“అది మా మైలోడు సారూ. దాపటెద్దు.
బోరు నీళ్ళు తాగి తాగి కీళ్ళు బిగిసి
నిలబడే సచ్చిండు.
కరువేడు నేనే పాతిపెట్టిన.”
“మరి ముందే చెప్పొద్దా?”
“మీరు మెడనా తోకనా అనే అడుగుతిరి,
ఎవనిదని అడగకపోతిరి.
వాడు బతికున్నప్పుడు పశువుల డాక్టరు కోసం
నాలుగుసార్లు తిరిగిన, ఎవ్వలు రాలే.
సచ్చినంక రెండు కార్లొచ్చినయి.
వానికి జరిగే మర్యాద చూసి
ముచ్చటేసి ఊకున్న.”

డైనోసార్లు పైనుంచి రాయి పడి సచ్చినయని
మా పుస్తకంల ఉన్నది.
మా కాడ రాయి కిందనే ఉంటది,
మోటారేసి మేమే పైకి గుంజుకుంటం.
ఈ ముక్క పత్రంల ఉంచాల్నా తీసెయ్యాల్నా
పెద్దలే చెప్పాలె.

ఎముక ఇప్పుడు మా ల్యాబుల,
సీసాల తేలుకు, పగిలిన త్రాసుకు నడుమ.
చీటీ మీది పేరు నేను మార్చలే,
తనిఖీకొచ్చినోళ్ళు మెచ్చుకుంటున్నరు.
నెలకోసారి గాలయ్య వచ్చి
దాని ముందల పిడికెడు తవుడు పోసి పోతడు.
ఊడ్చేది నేనే.
మర్నాడు ఊడుస్త.